చిలక సొంత పలుకు

పిల్లలూ! పోయిన వేసవిలో ఒకనాటి సాయంత్రం మా నేరేడ్‌మెట్‌లో పెద్ద గాలివాన వచ్చింది. వాన వెలిసేసరికి మా వీధి చివరి వేపచెట్టు కింద కాకులు ఒకటే గోల. పిల్లలు పరుగెత్తి చూస్తే, గోడ మూలన ఒక రామచిలక తడిసి ముద్దయి కూర్చుని ఉంది. కాకులు దాన్ని పొడుస్తున్నాయి. పిల్లలు కాకులను తోలి, చిలక మీద తువ్వాలు కప్పి ఇంటికి తెచ్చి, వెదురుబుట్ట కింద పెట్టారు.

కాస్త తేరుకోగానే ఆ చిలక, "అమ్మా! ఎవరొచ్చారు?" అన్నది.

పిల్లల సంతోషం ఇంతా అంతా కాదు. "మాటలు వచ్చిన చిలక! మనమే పెంచుకుందాం. రేపే పంజరం కొందాం" అన్నారు.

పక్కింటి తాతగారు వచ్చి చిలక రెక్కను మెల్లగా విప్పి చూపించారు. పెద్ద ఈకలన్నీ సగానికి కత్తిరించి ఉన్నాయి.

"ఇది ఎవరి పంజరంలోంచో బయటపడింది. ఎగరలేకనే కాకులకు చిక్కింది. కత్తిరించిన ఈక మన గోరులాగా పెరగదు. ఆ మోడు ఊడిపోయి, దాని చోట కొత్త ఈక మొలవాలి. అందుకు నెలలు పడుతుంది" అన్నారాయన.

"దీనికి మాటలు ఎవరు నేర్పారు తాతయ్యా?" అని ఒక చిన్నపిల్ల అడిగింది.

"ఒంటరితనం నేర్పిందమ్మా" అన్నారు తాతగారు.

ఆయన మాట నిజం. రామచిలకలు గుంపులు గుంపులుగా బతికే పక్షులు. కలిసి మేతకు పోతాయి, పొద్దుగూకే వేళ కలిసి ఒకే చోట చెట్లెక్కుతాయి. తోటి చిలకల కూత విని తమ కూత దిద్దుకుంటాయి. పంజరంలో తోటి చిలకలు లేవు గదా! అందుచేత అది మన ఇంటివాళ్ళనే తన గుంపు అనుకుని, మన మాటలు పట్టుకుంటుంది. మనకున్నట్టు దానికి గొంతులో స్వరతంతులు లేవు. ఊపిరిగొట్టం రెండుగా చీలే చోట ఉన్న అవయవంతో అది ధ్వని చేస్తుంది.

చిలకలో వింతలు ఇంకా ఉన్నాయి. దాని కాలికి రెండు వేళ్ళు ముందుకూ, రెండు వెనక్కూ ఉంటాయి. అందుకే కాయను కాలితో పట్టుకుని నోటికి అందించుకోగలదు. పైముక్కు కూడా కదులుతుంది. కొమ్మలెక్కేటప్పుడు అదే దానికి మూడో కాలు. పక్షులకు మిరప కారం తెలియదు. మనం కంట నీరు పెట్టుకునే మిరపకాయను చిలక కులాసాగా తింటుంది. మగచిలకకు మూడేళ్ళు వచ్చేసరికి మెడ చుట్టూ నలుపు, గులాబి రంగుల కంటె ఏర్పడుతుంది. ఆడచిలకకూ, పిల్లకూ అది ఉండదు. మాకు దొరికినదానికీ లేదు.

చలికాలం చివర చిలకలు చెట్టుతొర్రలో గుడ్లు పెట్టి, సుమారు మూడు వారాలు పొదుగుతాయి. చిలకలను అమ్ముకునేవాళ్ళు ఆ తొర్రల్లో చేయి పెట్టి, ఈకలైనా రాని పిల్లలను ఎత్తుకుపోతారు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన రామచిలకను పట్టటమూ, అమ్మటమూ, పంజరంలో పెంచటమూ నేరమే. జోస్యం చెప్పించటానికి ఉంచుకోవటమూ అంతే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలకను రాష్ట్ర పక్షిగా ఎన్నుకున్నది. అయినా దానికి పంజరం తప్పటం లేదు!

ఆ రాత్రి తాతగారు పిల్లలకు రామదాసు కథ చెప్పారు. భద్రాచలంలో గుడి కట్టించిన గోపన్న గోలకొండ కోటలో పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడు. పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండేళ్ళు పంజరంలో ఉంచినందుకే అతనికి ఆ శిక్ష అని పెద్దలు చెబుతారు.

"ముద్దుగా పెంచితే కూడా పాపమేనా?" అని ఆ చిన్నపిల్ల అడిగింది. తాతగారు నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు సాయంత్రం చిలకల గుంపు ఒకటి కీకీమంటూ మా డాబాల మీదుగా పోయింది. బుట్ట కింద ఉన్న చిలక ఒక్కసారిగా మెడ సాచింది. "అమ్మా" అనలేదు, "ఎవరొచ్చారు" అనలేదు. గొంతెత్తి "కీ! కీ!" అని అరిచింది. గుంపు కనుమరుగైనా చాలాసేపు అరుస్తూనే ఉంది.

ఆ చిన్నపిల్ల కళ్ళు తుడుచుకుని, "నాన్నా, అటవీ శాఖ వాళ్ళకు ఫోను చెయ్యి" అన్నది.

వాళ్ళు వచ్చి చిలకను తీసుకుపోయారు. ఈకలు వచ్చి, ఎగరటం మళ్ళీ అలవాటయ్యాక వదులుతామన్నారు. జాలిపడి ఆనాడే గాలిలోకి విసిరి ఉంటే, అది మళ్ళీ కాకుల పాలయ్యేదే!

పిల్లలూ, మీకూ ఇటువంటి పక్షి దొరికితే, గాలి తగిలే అట్టపెట్టెలో చీకటిగా, నెమ్మదిగా ఉంచండి. నోట్లో బలవంతాన నీళ్ళు పోయకండి. పెద్దల చేత అటవీ శాఖకు కబురు చేయించండి. చిలక పలుకులు వినాలని ఉంటే పొద్దుగూకే వేళ డాబా ఎక్కండి. గుంపుగా పోతూ అవి తమ పలుకులే పలుకుతాయి.