గడియారం తప్పిన కంప్యూటరు

వేసవి సెలవులకు స్వగ్రామాలకు వెళ్ళి ఢిల్లీకి తిరిగి వచ్చిన సహోద్యోగుల ఇళ్ళ నుండి ప్రతి సంవత్సరం జూన్ మాసాంతంలో ఈ శీర్షికకు ఒక ఫిర్యాదు తప్పక అందుతుంది. "ఇంటర్నెట్ పనిచేయడం లేదు" అన్నది దాని సారాంశం. ఇది రోగి "ఒంట్లో బాగా లేదు" అనడం వంటిది. తెరపై వచ్చిన వాక్యాన్ని చివరి వరకు చదివి కాగితంపై వ్రాసుకుంటే సగం చికిత్స పూర్తయినట్లే.

ముందుగా, అదే వై-ఫైతో ఇంట్లోని ఫోను పనిచేస్తున్నదేమో చూడాలి. ఆ సమయంలో ఫోనులోని మొబైల్ డేటాను ఆపివేయడం మరువరాదు. ఫోను కూడా పనిచేయకపోతే దోషం కంప్యూటరుది కాదు. ఫైబర్ కనెక్షన్ గలవారు పెట్టెపై ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా వెలుగుతున్నదేమో గమనించాలి. వెలుగుతుంటే కాంతి సంకేతం ఇంటి వరకు చేరడం లేదని అర్థం. నోయిడా, ఘజియాబాద్, గురుగ్రామ్‌లలో ఎక్కడో ఒకచోట రోడ్డు త్రవ్వుతూనే ఉంటారు గనుక ఇందులో వింత లేదు. ఫిర్యాదు నమోదు చేసి వేచి ఉండడమే. విండోస్ తిరిగి ఎక్కించడం వృథాశ్రమ.

ఫోను పనిచేస్తూ కంప్యూటరు మాత్రమే మొరాయిస్తూ, "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అనో, "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అనో చూపితే తెర మూలనున్న తేదీని చూడండి. సెలవుల తరువాతి ఫిర్యాదులకు మూలం తరచు అక్కడే ఉంటుంది. మదర్‌బోర్డుపై సి.ఆర్. 2032 అనే బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం గడియారానికి దానితో పని లేదు. మెయిన్ స్విచ్ ఆపి నెల రోజులు ఊరికి వెళితే భారమంతా ఆ బిళ్ళపై పడుతుంది. అది క్షీణించినదైతే కంప్యూటరు తేదీ ఏళ్ళ వెనుకకు పోతుంది.

తేదీకీ బ్యాంకు పుటకూ సంబంధమేమిటని కొందరు అడుగుతారు. ప్రతి సురక్షిత వెబ్‌సైటు తన గుర్తింపు పత్రాన్ని చూపుతుంది. అది ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు చెల్లుతుందో అందులోనే ఉంటుంది. ఇంకా 2015లోనే ఉన్నాననుకునే కంప్యూటరుకు నేటి పత్రం ఇంకా పుట్టనిదే! 2020 సెప్టెంబరు 1 నుండి ఈ పత్రాల గడువును 398 రోజులకు పరిమితం చేశారు. 2029 మార్చి నాటికి 47 రోజులకు కుదించాలని 2025లో నిర్ణయించారు. ఇకపై రెండు నెలలు వెనుకబడిన గడియారమైనా చిక్కులు తెచ్చిపెట్టగలదు.

తేదీ, సమయం, సంవత్సరం సరిచేసి బ్రౌజరును తిరిగి తెరిస్తే చాలు. కొత్త బిళ్ళ ఖరీదు స్వల్పమే. ప్లగ్గు తీసివేసిన తరువాతనే దానిని మార్చాలి. హెచ్చరికను దాటవేసి ముందుకు సాగే మీట ఒకటి ఉంటుంది; పిల్లలు దానిని ఇట్టే కనిపెడతారు. బ్యాంకు, పెన్షను పనులలో దానిని తాకరాదన్నది మా దృఢమైన అభిప్రాయం. నడుమ ఎవరైనా బ్యాంకు వేషం వేసినప్పుడు కూడా బ్రౌజరు ఇటువంటి హెచ్చరికనే ఇస్తుంది. తేదీ సరిగా ఉండి కూడా హెచ్చరిక పోకపోతే ఆ పనిని అంతటితో ఆపాలి.

ఇంట్లో పెద్దలకు ప్రత్యేకంగా చెప్పవలసినది మరొకటి ఉన్నది. బ్రౌజరు చూపే నిజమైన దోష సందేశంలో ఫోను నంబరు ఉండదు. "మీ కంప్యూటరుకు వైరస్ సోకినది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని తెరంతా నిండితే అది మోసమే. సాంకేతిక సహాయం పేరిట బ్రిటన్, ఆస్ట్రేలియా వాసులను మోసగిస్తున్న ముఠాను సి.బి.ఐ. 2025 జూలైలో పట్టుకున్నది మన నోయిడాలోనే. అటువంటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కి, టాస్క్ మేనేజర్ ద్వారా బ్రౌజరును మూసివేయాలి. సొమ్ము పోయినట్లయితే మరునాటి వరకు ఆగక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోయి, దానిని నిలిపివేయడం కష్టమవుతుంది.