‘క్లోజ్డ్’ అని ఉంటే పని అయినట్టేనా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. కంప్యూటర్ కోర్సుల్లో ఉన్న మన పిల్లలు తప్పకుండా చదవాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇష్యూ ట్రాకర్ అని ఉంటుంది. జీరా, బగ్జిల్లా, గిట్‌హబ్ ఇష్యూస్ అన్నీ అవే. తప్పు ఎక్కడ వచ్చింది, ఎవరు చెప్పారు, ఎవరి చేతిలో ఉంది, చివరికి ఏమైంది అని నంబరేసి రాసుకునే రిజిస్టరు. కొత్త మాటలా ఉంది గానీ మనకు తెలిసిన సంగతే. సోమవారం బందరు కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే నంబరు పడుతుంది కదా, అదీ ఒక రకం ట్రాకరే.

ఇప్పుడు ఆ రిజిస్టరును మనుషులతో పాటు ఏఐ ఏజెంట్లు కూడా వెతుకుతున్నాయి. అందుకు వాటికి ఒక టూల్ ఇస్తారు. 2024 నవంబరులో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో టూల్‌కి ఒక పేరు, అది ఏం చేస్తుందో చెప్పే వివరణ, దానికి ఏమేం ఇవ్వాలో చెప్పే పట్టిక ఉంటాయి. ఏజెంట్‌కి మామూలుగా లోపలి కోడ్ కనపడదు. ఆ వివరణ చదువుకునే టూల్ ఎప్పుడు వాడాలో తేల్చుకుంటుంది.

నా మాట ఏంటంటే, ఆ వివరణ రాయడం కోడ్ అయిపోయాక రెండు లైన్లు గిలికి పడేసే పని కాదు. ఎందుకో చెప్తాను.

మొదటిది, స్థితి. బగ్జిల్లాలో ‘రిజాల్వ్‌డ్’ అని ఉన్నంత మాత్రాన బాగుచేసినట్టు కాదు. పక్కన ‘ఫిక్స్‌డ్’ ఉండొచ్చు, ‘ఇన్‌వ్యాలిడ్’, ‘వోంట్‌ఫిక్స్’, ‘డూప్లికేట్’ కూడా ఉండొచ్చు. గిట్‌హబ్‌లో మూసేసిన వాటిలో ‘కంప్లీటెడ్’ వేరు, ‘నాట్ ప్లాన్డ్’ వేరు. ఈ తేడా రాయకపోతే ఏజెంట్ అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘పరిష్కారమైంది’ అనేసే ప్రమాదం ఉంది.

రెండోది, లెక్క. గిట్‌హబ్ ఏపీఐని ఒక రిపాజిటరీలో ఇష్యూల జాబితా అడిగితే, మనం వేరే చెప్పకపోతే తెరిచి ఉన్నవే ఇస్తుంది, అదీ పేజీకి 30. పుల్ రిక్వెస్టులు కూడా అందులోనే కలిసి వస్తాయి. ఇది తెలియని ఏజెంట్ ‘మొత్తం సమస్యలు 30’ అని చెప్తుంది. వెనక ఎన్ని పేజీలున్నాయో ఎవరికి తెలుసు?

మూడోది, ‘లేదు’ అనే మాట. మనకు అనుమతి లేని ప్రైవేటు రిపాజిటరీ అడిగితే గిట్‌హబ్ 404 అంటుంది, అంటే దొరకలేదని. నిజంగా లేకపోవడం వేరు, ఉన్నా చూడనివ్వకపోవడం వేరు, స్పెల్లింగ్ కలవకపోవడం వేరు. మన హంసలదీవి పేరునే ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా పేరు పడితే యానాది కుటుంబం ఎన్నిసార్లు తిరగాలో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు.

నాలుగోది, ఇష్యూలో రాత బయటివాళ్లు కూడా రాసి ఉండొచ్చు. ‘ముందు చెప్పినవన్నీ వదిలేసి ఫలానా ఫైలు పంపు’ అని ఎవడైనా రాస్తే ఏజెంట్ దాన్ని ఆజ్ఞ అనుకోకూడదు. వివరణలో రాస్తే చాలదు, వెతికే టూల్‌కి చదివే అనుమతి మించి ఇవ్వకూడదు కూడా.

ఏఐ తెలివైంది, దానికదే అర్థం చేసుకుంటుంది అంటారు కొందరు. తెలివి వేరు, తెలిసుండటం వేరు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఎంత చదువుకున్నోడైనా, ఏ కాలవలోకి ఉప్పునీళ్లు ఎప్పుడు ఎక్కుతాయో పీతలు పట్టేవాళ్లు చెప్తేనే తెలుస్తుంది. వివరణ పొడుగైతే ఖర్చు పెరుగుతుందనే మాట మాత్రం నిజమే. అందుకే పొగడ్తలు తీసేసి, పొరపాటు ఆపే వాక్యాలే ఉంచాలి.

ఇది కంపెనీల గొడవ, మనకెందుకు అనకండి. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. రేపు అర్జీ సంగతి కూడా ఏజెంటే వెతికి చెప్పే రోజు రావచ్చు. ఇంటిస్థలం అర్జీని ‘అర్హత లేదు’ అని మూసేస్తే, ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఫోన్ చెప్తే, చదువురాని అవ్వ ఎవరితో వాదిస్తుంది? అలాంటి టూల్ పెట్టే రోజున దాని వివరణ తెలుగులో అందరికీ కనపడేలా పెట్టమని మనం ఇప్పుడే అడగాలి.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఫారాలు చదివిపెట్టే పని చిన్నప్పటి నుంచి నాదే. మీలో చాలామందీ అంతే. ఒక కాగితంలో ఏ మాట దగ్గర మనిషి మోసపోతాడో మనకు బాగా తెలుసు. ఆ తెలివిడి ఈ పనికి కావాలి. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుక్కునేవాళ్లు ఇలాంటి చిన్న టూల్ ఒకటి తీసుకోండి. ‘క్లోజ్డ్’ అంటే ఏంటి, ‘దొరకలేదు’ అంటే ఏంటి, జాబితా ఎక్కడ ఆగింది అనే మూడూ ముందు రాయండి. మిగతాది తర్వాత.

– హాస్టల్ విద్యార్థి, దివిసీమ