జైతూను చెప్పే పాఠం – మన కొండచెట్లు

ఖుర్ఆన్ గ్రంథంలోని 95వ అధ్యాయం అంజూరము, జైతూనుల మీది ప్రమాణంతో ఆరంభమవుతుంది. 24వ అధ్యాయంలో జైతూను నూనె దివ్యజ్యోతికి ఉపమానమై వెలుగుతుంది. ఆ పేరు వినని ముస్లిం బాలుడు మన సీమలో ఉండడు. ఆ చెట్టును కన్నులారా చూచినవాడు మాత్రం ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో బహు అరుదు. చలికాలపు శైత్యం తగినంత సోకితేగాని పూతకు రాని చెట్టు అది. రాజస్థాన్‌లో 2007 నుండి ఇజ్రాయెల్ సహకారంతో దానిని పెంచుతున్నారు. మన మెట్టనేలల ఎండలకు అది తగిన పంట కాదు. అయినను, ప్రయోగశాలలో ఆ చెట్టు పెట్టే ఇబ్బందుల నుండి మనం నేర్వదగిన పాఠం ఒకటి ఉన్నది.

మొక్కలోని చిన్న కణుపును తీసి, గాజుపాత్రలోని పోషకద్రవ్యంపై పెంచి, వేల మొక్కలుగా విస్తరింపజేయుటను కణజాల వర్ధనం అంటారు. ఈ విద్యకు జైతూను సులభంగా లొంగదు. కోసినచోట ఫినాలు పదార్థాలు స్రవించి ముక్క నల్లబడుతుంది. కణజాలం లోపల దాగిన సూక్ష్మజీవులు పాత్రలో బూజై విజృంభిస్తాయి. ఆ చెట్టు కొరకే ప్రత్యేక పోషకద్రవ్యాన్ని 1984లో రుజీని అనే శాస్త్రజ్ఞుడు రూపొందించవలసి వచ్చింది.

బూజును అణచుటకు ప్రయోగశాలలు చిరకాలంగా మెర్క్యూరిక్ క్లోరైడ్ అనే పాదరస లవణాన్ని వాడుతున్నాయి. అది తీవ్రమైన విషం. పాదరసం నీటిలో కలిస్తే చేపలోనికి, చేప నుండి మనిషిలోనికి చేరుతుందని 1956లో వెలుగుచూచిన జపానులోని మినమాటా విషాదం లోకానికి తెలిపింది. పాదరసాన్ని అరికట్టుటకు ఆ ఊరి పేరిట 2013లో కుదిరిన ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. కనుక ఆ విషానికి బదులుగా మొక్కల నూనెలనే వాడరాదా అని పరిశోధకులు యత్నించుట ఎంతయు ఉచితం.

ఈ యత్నం మనకు పరాయిది కాదు. జైతూను పెరిగే మధ్యధరా తీరంలో థైమ్ అనే పొద ఉన్నది. దాని నూనెకు క్రిమిసంహారక శక్తినిచ్చే థైమాల్ మన వంటింటి వాములోనూ ఉన్నది. బిడ్డకు కడుపునొప్పి వస్తే వామునీళ్లు పట్టే తల్లికి ఆ రసాయనం పేరు తెలియదు, గుణం తెలుసు. వేపనూనె బూజును అణచే పద్ధతిపై విదేశీయులు 1994లో ఐరోపాలో పేటెంటు పొందగా, అది మా తాతల నాటి విద్య అని మనవారు వాదించి గెలిచారు. ఆ పేటెంటు 2000లో రద్దయింది, 2005లో ఆ తీర్పే స్థిరపడింది. 1941లో ఉమ్మెత్త పిండాలను గాజుపాత్రలో పెంచుటకు తోడ్పడినది మన కొబ్బరినీళ్లే! ఇంత సంపదను ఇంట ఉంచుకొని విషపు సీసా కొరకు చేయి చాచుట న్యాయమా?

వెలిగొండలలో పెరిగే ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణభాగంలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పుట్టదు. దాని అంతర్జాతీయ వాణిజ్యంపై 1995 నుండి నియంత్రణ ఉన్నది. కాయ పెంకు గట్టిది కావడంచేత మొలకలు తక్కువ. ఉదయగిరి దుర్గం కొండల నర్ది, బిక్కి మొదలైన కర్రలతో గరిటెలు, చెంచాలు చెక్కి ఎన్నో ముస్లిం కుటుంబాలు బ్రతుకుతున్నాయి. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కాని గుర్తింపు పత్రం కర్రను మొలిపించదు. నరికినచోట తిరిగి నాటే నారు లేకుంటే, కొంతకాలానికి ఉలి ఉంటుంది, చేయి ఉంటుంది, చెక్కుటకు చెక్క ఉండదు.

నూనె సర్వరోగనివారిణి అని నేననను. అది నీటిలో కలవదు, కలిపే పదార్థం తోడు కావాలి. మోతాదు మించితే బూజుతోపాటు లేత కణుపునూ మాడుస్తుంది. మొక్క పెరిగిన నేలనుబట్టి, కోసిన ఋతువునుబట్టి నూనెలోని సారం మారుతుంది. కనుకనే ఊహ చాలదు, ప్రయోగం కావాలి. కొన్ని పాత్రలలో వామునూనె, కొన్నింట వేపనూనె, కొన్నింట ఏ నూనెయూ లేక ఉంచి, ఎన్నింట బూజు పట్టినది, ఎన్ని కణుపులు చిగిర్చినవి అని వారం వారం లెక్కవ్రాయుట మన వంటి చిన్న కళాశాలకు అసాధ్యం కాదు. అనుమతి గల నర్సరీ నుండి మొక్కను తెచ్చుకొనవచ్చును, అడవిని ముట్టనక్కరలేదు.

భాషాధ్యాపకునికి ఈ చింత ఏల అని అడుగవచ్చును. ఉర్దూలోని యునానీ గ్రంథాలలోనూ, తెలుగు వైద్యుల తాటాకులలోనూ ఏ నూనెకు ఏ గుణమో వ్రాసి ఉన్నది. వాటిని చదివి చెప్పువాడు లేక వృక్షశాస్త్ర విద్యార్థి వాటిని ఎరుగడు. రెండు భాషలు ఒక కప్పు క్రింద ఉన్న కళాశాల మనది. విద్యార్థి మిత్రులారా! ఒక చేత గ్రంథము, ఒక చేత గాజుపాత్ర పట్టుడు. జైతూనును గౌరవించుట అంటే దాని పేరు జపించుట మాత్రమే కాదు, మన ముంగిట ఉన్న చెట్టును బ్రతికించుట కూడా.