హెచ్చరిక చేరితే చాలదు, కూలి కూడా చేరాలి

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడల్లా మన రేడియోలలోనూ పత్రికలలోనూ ఒక వాక్యం తప్పక వినిపిస్తుంది: సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు. ఈ వాక్యం వెనుక గొప్ప విజ్ఞానం ఉన్నది, ఎందరో శాస్త్రజ్ఞుల శ్రమ ఉన్నది. కాని ఈ వాక్యానికి ఒక ఖరీదు కూడా ఉన్నది. ఆ ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారన్నదే మనం అడగవలసిన ప్రశ్న. వేటకు వెళ్ళవద్దన్న రోజున కలాసీ ఇంట పొయ్యి ఎట్లా వెలగాలో ఆ వాక్యం చెప్పదు. తీరానికి తిరిగి రమ్మన్న రోజున ఓడను గాని, బార్జిని గాని వెనుకకు మళ్ళించమని అడిగే హక్కు పనివానికి ఉన్నదో లేదో కూడా చెప్పదు. ఈ రెండింటికీ జవాబు దొరకనంతకాలం, హెచ్చరిక ఎంత ముందుగా వచ్చినా, సముద్రం మీద పనిచేసే వాని ప్రాణానికి పూచీ లేదు.

విజ్ఞానం సాధించిన విజయం

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుందాం. 1864 అక్టోబరులో తుపాను కలకత్తాను ధ్వంసం చేసిన తరువాత, 1865లో ఆ రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అంటే మన దేశంలో తుపాను హెచ్చరిక పుట్టినదే రేవుల కోసం, ఓడల కోసం. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు ఒకటి నుండి పదకొండు వరకు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఒకటి, రెండు నంబర్లు దూరాన ఉన్న వాయుగుండాన్నీ తుపానునూ సూచిస్తాయి. మూడు, నాలుగు నంబర్లు రేవుకే ముప్పు ఉన్నదని చెబుతాయి. అయిదు నుండి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుండి పది వరకు మహా ప్రమాదం. పదకొండో నంబరు ఎగిరిందంటే హెచ్చరిక కేంద్రంతో వార్తా సంబంధాలే తెగిపోయాయని అర్థం.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. 1999 అక్టోబరులో ఒడిశా తీరాన్ని తాకిన పెను తుపాను సుమారు పదివేల మందిని బలిగొన్నది. అదే ఒడిశా తీరాన్ని 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తాకినప్పుడు మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి. లక్షలాది ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించడమే ఇందుకు కారణం. ఉపగ్రహాలు, తీరం వెంట రాడార్లు, తుపాను రక్షణ భవనాలు, వాటితోపాటు గ్రామ గ్రామాన పనిచేసిన మనుషులు ఈ విజయాన్ని సాధించారు. దీనిని తక్కువ చేసి మాట్లాడడం అవివేకం.

అయితే ఈ విజయం ప్రధానంగా నేల మీద సాధించినది. నేల మీది జనాన్ని లారీ ఎక్కించి తరలించవచ్చు. తీరానికి రెండు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మరపడవను ఏ లారీ తెస్తుంది? 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వందలాది మత్స్యకారులు నడిసముద్రంలోనే కనుమరుగైనారు. కోనసీమలో కూలిన కొబ్బరితోటలను అధికారులు లెక్కించగలిగారు. సముద్రంలో పోయినవారి సంఖ్యను మాత్రం తిరిగి రాని పడవలను బట్టి లెక్కకట్టవలసి వచ్చింది.

ఒకే మాటలో అన్ని కెరటాలు

సముద్రం స్థితిని వాతావరణ శాస్త్రం తరగతులుగా విభజించింది. కెరటం ఎత్తు రెండున్నర నుండి నాలుగు మీటర్లు ఉంటే ఒక తరగతి, నాలుగు నుండి ఆరు మీటర్లకు మరొకటి, ఆరు నుండి తొమ్మిదికి ఇంకొకటి. పద్నాలుగు మీటర్లు దాటిన కెరటాలకు కూడా ప్రత్యేకమైన పేరున్నది. గాలికీ ఇట్లాంటి విభజనే ఉన్నది. గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 50 చేరితే తీవ్ర వాయుగుండం, 62 చేరితేనే తుపాను. కాని మన భాషలో వెలువడే ప్రసారాలలో తరచు వినబడేది ‘అల్లకల్లోలం’ అన్న ఒక్క మాటే. మూడు మీటర్ల కెరటమూ, ఎనిమిది మీటర్ల కెరటమూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతున్నాయి.

పెద్ద ఓడకు గంటకు 50 కిలోమీటర్ల గాలి ఇబ్బంది మాత్రమే కావచ్చు. చిన్న ఇంజను బిగించిన ఫైబరు పడవకు అదే మృత్యువు కాగలదు. తుపాను అన్న పేరు రాకముందే దాని పని అయిపోతుంది. అంతేకాదు, మన తీరంలో గాలి లేనప్పుడు కూడా దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన ఉబ్బు కెరటాలు వేలాది కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి, రేవు ముఖద్వారం వద్ద పడవలను తలక్రిందులు చేయగలవు. 1999లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఈ కెరటాల ఎత్తునూ రాకనూ ముందుగా అంచనా వేస్తున్నది. సముద్రానికి దూరంగా దక్కను పీఠభూమిపై కూర్చుని సముద్రాన్ని చదివే ఈ సంస్థ మనకు గర్వకారణమే. ఆ చదువు కలాసీకి అర్థమయ్యే మాటలలో, అతని పడవ పరిమాణానికి తగిన సలహాగా రేవుకు చేరాలి. విజ్ఞానం ఫలితం కార్యాలయంలోనే ఆగిపోకూడదు.

హెచ్చరిక అందినా తిరిగిరానివారు

హెచ్చరిక అందకపోవడమే మరణాలకు కారణమని కొందరు నమ్మిస్తారు. 2021 మే నెలలో బొంబాయి హై చమురు క్షేత్రం వద్ద జరిగినది ఈ నమ్మకాన్ని బద్దలు చేసింది. మే 14 నాటికే అరేబియా సముద్రంలో వాయుగుండం ఏర్పడినట్లు ప్రకటన వెలువడింది. టౌటే తుపానుగా మారి అది గుజరాత్ తీరం దాటినది మే 17 రాత్రి. మధ్యలో మూడు రోజుల వ్యవధి ఉన్నది. అయినా స్వంత ఇంజను లేని పి-305 అనే నివాస బార్జి 261 మందితో చమురు క్షేత్రం సమీపంలోనే లంగరు వేసి ఉండిపోయింది. గాలికి లంగరు గొలుసులు తెగిపోయాయి. బార్జి కొట్టుకుపోయి ఒక చమురు వేదికను ఢీకొని, 17వ తేదీన మునిగిపోయింది. వరప్రద అనే టగ్గు కూడా మునిగింది. ఈ రెండింటిలో ఉన్న 274 మందిలో 86 మంది మరణించారు. మిగిలినవారిని ఉధృతమైన సముద్రంలోనుండి నౌకాదళం, తీర రక్షక దళం కాపాడిన తీరు ప్రశంసనీయం. కాని ఆ సాహసం అవసరమైన పరిస్థితి ఎట్లా వచ్చిందన్నదే మన ప్రశ్న.

ఆ బార్జి మీద ఉన్నవారిలో అధికులు కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే వెల్డర్లు, ఫిట్టర్లు, వంటవారు, సహాయకులు. చమురు సంస్థ, దాని క్రింద కాంట్రాక్టరు, అతని క్రింద మరొక కాంట్రాక్టరు, బార్జి యజమాని, చిట్టచివర కార్మికుడు. ఇన్ని అంతస్తులున్నచోట, తిరిగి వెళ్దామని నిర్ణయించే బాధ్యత ఒకరి నుండి ఒకరికి జారిపోతుంది. ప్రమాదం జరిగిన తరువాత నేరం మాత్రం అట్టడుగుకు దిగివస్తుంది. వర్షాకాలం రాకముందే పని ముగించాలన్న తొందర, ఒక్కరోజు పని ఆగితే వచ్చిపడే నష్టం సముద్రం మీది ప్రతి కాంట్రాక్టులోనూ పొంచి ఉంటాయి.

ఈ విషయంలో చట్టం లేకపోలేదు. సముద్రంపై ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒడంబడిక అయిదవ అధ్యాయంలో ఒక స్పష్టమైన నిబంధన ఉన్నది. ప్రాణరక్షణకు అవసరమని ఓడ మాస్టరు తన వృత్తి వివేకంతో తీసుకొనే ఏ నిర్ణయాన్నీ ఓడ యజమాని గాని, బాడుగకు తీసుకున్నవాడు గాని, ఓడను నడిపే కంపెనీ గాని అడ్డుకోరాదు. ఇది మంచి నిబంధన. కాని రేపటి ఉద్యోగం ఎవరి చేతిలో ఉన్నదో వారికి ఎదురు నిలిచే ధైర్యం ఒంటరి మాస్టరుకు ఎక్కడినుండి వస్తుంది? అతని వెనుక సంఘం ఉండాలి. అతని ప్రక్కన, ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు గల కార్మికులు ఉండాలి.

చేపకు సెలవు, మనిషికి లేదు

ఇక పడవ మత్స్యకారుల సంగతి. 2017 నవంబరు 29న కన్యాకుమారికి దూరాన ఉన్న వాయుగుండం మరునాటికే ఓఖి తుపానుగా మారింది. అప్పటికే కన్యాకుమారి, కేరళ తీరాల పడవలు లోతు సముద్రంలో రోజుల తరబడి వేటలో ఉన్నాయి. తీరం నుండి పంపిన సందేశం వారికి చేరే సాధనం లేకపోయింది. వందలాది మంది తిరిగి రాలేదు. ఆ అనుభవం తరువాత 2019లో ఉపగ్రహం ద్వారా హెచ్చరికలను పడవకు చేర్చే జెమిని పరికరం వచ్చింది. అయితే దానితో పడవవారు వినగలరే గాని బదులు చెప్పలేరు. ఇరువైపులా సందేశాలు పంపగల ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే పథకాన్ని 2024 ఆగస్టులో కేంద్రం ప్రారంభించింది. ఇవన్నీ ఆహ్వానించదగినవే.

కాని పరికరం చేయలేని పని ఒకటున్నది. మరపడవ రేవు విడిచేసరికే డీజిలుకు, ఐసుకు, తిండి సామానుకు పెట్టుబడి అయిపోతుంది. ఆ పెట్టుబడి చాలాచోట్ల వ్యాపారి ఇచ్చిన అప్పు. కలాసీకి నెలజీతం లేదు. అమ్మిన చేపలో ఖర్చులు పోగా మిగిలిన దానిలో వాటా మాత్రమే. వేట మధ్యలో తిరిగివస్తే వాటా ఉండదు, అప్పు మాత్రం నిలిచి ఉంటుంది. అటువంటివానికి హెచ్చరిక వినిపించినప్పుడు అతడు గాలినీ అప్పునూ తూకం వేసి చూస్తాడు. వెళ్ళినవానిని మూర్ఖుడని, మాట వినడని నిందించే అధికారులు ఆ తూకం వైపు ఒకసారి కన్నెత్తి చూడాలి.

ప్రతి ఏటా చేపలు గుడ్లుపెట్టే కాలంలో 61 రోజులపాటు మరపడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తున్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు ఈ నిషేధం అమలులో ఉంటుంది. ఆ కాలానికి జీవనభృతి ఇవ్వాలన్న సూత్రాన్ని ప్రభుత్వాలు అంగీకరించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఆ భృతి కుటుంబానికి 20,000 రూపాయలైంది. ఇది సంవత్సరాల తరబడి సాగిన కోరికల ఫలితం. చేప సంతతిని కాపాడడానికి పని ఆపితే భృతి ఇవ్వడం న్యాయమైనప్పుడు, మనిషి ప్రాణాన్ని కాపాడడానికి పని ఆపితే ఇవ్వకపోవడం ఏ న్యాయం? రెండు సందర్భాలలోనూ వేటకు వెళ్ళవద్దని చెప్పేది ప్రభుత్వమే. కేరళ ప్రభుత్వం 2021లో తుపాను హెచ్చరికల వల్ల వేట కోల్పోయిన మత్స్యకార కుటుంబాలకు నగదు సహాయం ప్రకటించింది. అంటే ఇది అసాధ్యం కాదని ఒక రాష్ట్రం నిరూపించింది. అయితే ఎప్పుడో ఒకసారి ప్రకటించే సహాయం వేరు, ఏటేటా చేతికందే హక్కు వేరు.

ఇందుకు ఒక అభ్యంతరం చెబుతారు. ప్రతి అల్పపీడనానికీ కూలి చెల్లిస్తూ పోతే ఖజానా నిలుస్తుందా, దొంగ లెక్కలు పుట్టుకురావా అని. హెచ్చరిక ప్రభుత్వ పత్రమే; ఏ తేదీన ఏ తీరానికి జారీ అయిందో దానిలోనే వ్రాసి ఉంటుంది. పడవలు నమోదై ఉన్నాయి, మత్స్యకారులకు గుర్తింపు కార్డులున్నాయి. నిషేధకాల భృతికి ఏ జాబితా పనికివచ్చిందో ఆ జాబితాయే దీనికీ పనికివస్తుంది. భారమంతా ఖజానా మీదనే పడనవసరం లేదు. ఎగుమతిదారులు, రేవుల యాజమాన్యాలు, సముద్రంలో చమురు తీసే సంస్థలు సముద్రం నుండి సంపాదిస్తున్నాయి. సంక్షేమ నిధికి వాటా ఇవ్వడం వాటి బాధ్యత. కొన్ని హెచ్చరికలు ఫలించకపోవచ్చు, గాలి దిశ మార్చుకోవచ్చు. ఆ అనిశ్చితి విజ్ఞానానికి సహజం. దాని బరువును అందరికన్నా పేదవాని మీద మోపడం మాత్రం సహజం కాదు.

మన కోర్కెలు

మొదటిది, వేటకు వెళ్ళరాదని అధికారికంగా ప్రకటించిన ప్రతి రోజుకూ నమోదైన మత్స్యకార కార్మికునికి భృతి చెల్లించాలి. ప్రమాద సూచిక వల్ల పని ఆగిన రేవులలో దినకూలీలకు ఆనాటి కూలి ఇవ్వాలి.

రెండవది, సముద్రంలోని చమురు క్షేత్రాలలో, బార్జిలలో ఏ స్థాయి హెచ్చరికకు ఎన్ని గంటలలోగా కార్మికులను తీరానికి చేర్చాలో కాంట్రాక్టులోనే వ్రాయాలి. ఆ బాధ్యత ప్రధాన యజమానిదే కావాలి. ఆగిన పనికి జరిమానా విధించే షరతు చెల్లకూడదు.

మూడవది, మత్స్యకార పనిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో ఆమోదించిన 188వ ఒడంబడికను మన దేశం ధ్రువీకరించాలి. ఓడ కార్మికుల ఒడంబడికను 2015లో ధ్రువీకరించిన ప్రభుత్వం చేపల పడవలవారిని దాని వెలుపల వదిలివేయరాదు.

నాలుగవది, సముద్రంలో తప్పిపోయినవాని మరణాన్ని నిర్ధారించడానికి ఏడేళ్ళు వేచి ఉండాలన్న సాధారణ సూత్రాన్ని తుపాను బాధిత కుటుంబాలకు వర్తింపజేయరాదు. శవం దొరకలేదన్న కారణాన భార్యాబిడ్డలను కార్యాలయాల చుట్టూ త్రిప్పడం అమానుషం.

మన కర్తవ్యం

కోర్కెల పత్రం సమర్పించి చేతులు కట్టుకుని కూర్చోవడం మన సంప్రదాయం కాదు. 1970 నవంబరులో లక్షల ప్రాణాలు తీసిన భోలా తుపాను తరువాత, బంగ్లాదేశ్ 1972లో ప్రారంభించిన తుపాను సన్నద్ధతా కార్యక్రమం వేలాది గ్రామ స్వచ్ఛంద సేవకుల మీద నిలిచింది. పేద దేశమని పేరుపడ్డచోట సాధారణ ప్రజలు జెండాలతో, మైకులతో ఇంటింటికీ తిరిగి హెచ్చరికను నమ్మదగినదిగా చేశారు. మన రేవు శాఖలు కూడా ప్రతి చేపల రేవులో తుపాను కమిటీని ఏర్పరచాలి. సముద్రంలో ఉన్న పడవల పేర్లు, మనుషుల పేర్లు, తిరిగి రావలసిన తేదీ ఆ కమిటీ పుస్తకంలో ఉండాలి. కెరటం ఎత్తు మీటర్లలో, గాలి వేగం కిలోమీటర్లలో రేవులోని పలక మీద వ్రాయాలి. వేట ఆగిన రోజులను తేదీలవారీగా నమోదు చేయాలి. రేపు భృతి కోసం అధికారి ముందు నిలబడినప్పుడు ఆ పుస్తకమే మన సాక్ష్యం.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఒకసారి, వర్షాకాలానికి ముందు మరొకసారి బంగాళాఖాతం మనలను పరీక్షిస్తుంది. అరేబియా సముద్రం కూడా వేడెక్కి అదే దారి పట్టిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. గాలిని ఆపడం ఎవరి తరమూ కాదు. గాలి వీచే రోజున ఒడ్డున ఉండగల స్తోమతను కార్మికునికి కల్పించడం మాత్రం మనుషుల చేతిలోని పని. వచ్చే తుపాను కాలానికి ముందే ప్రతి రేవు శాఖ ఈ కోర్కెలపై సభ జరిపి, తీర్మానాన్ని జిల్లా కలెక్టరుకూ మత్స్యశాఖకూ అందజేసి, ప్రతిని కేంద్ర కార్యాలయానికి పంపవలసి ఉన్నది.