పాత రాజ్‌దూత్ 350కు ధర కట్టేదెలా?

కమాన్‌పూర్, గోదావరిఖని ప్రాంతాల్లో మూలపడిన మోటారు సైకిలుకు పాత ఇనుము వర్తకుడు కాటా మీదనే ధర కడతాడు. అయితే ఆ బండి రాజ్‌దూత్ 350 అయినపుడు అమ్మకందారు తొందరపడరాదు. జపాను యమహా ఆర్‌డీ 350 నమూనాపై ఎస్కార్ట్స్ సంస్థ 1983లో దీనిని విడుదల చేసింది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. తొలి 'హై టార్క్' రకానిది 30.5 అశ్వశక్తి, పెట్రోలు పొదుపు కోసం తరువాత తెచ్చిన 'లో టార్క్' రకానిది 27. సరుకు తక్కువ కనుక మొదటి రకానికే గిరాకీ హెచ్చు.

అలాగని పేరు వినగానే హెచ్చు ధర పెట్టడం కొనుగోలుదారుకు క్షేమం కాదు. ఇంజను, చాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. సైలెన్సర్లు, మీటర్లు, కార్బురేటర్లు అసలువై ఉండాలి. కొత్త రంగుకు విలువ కట్టనక్కరలేదు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 'వింటేజ్' గుర్తింపుకు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి. ఇంజను, చాసిస్‌లలో పెద్ద మార్పులు ఉండరాదు. 1983 బండికి ఆ అర్హత 2033లో గాని రాదు. అందాకా ఆర్‌సీ రెన్యువల్ అయిన బండికే ధర నిలుస్తుంది. కాగితాలు లేని హై టార్క్ కన్నా, కాగితాలున్న లో టార్క్ మేలైన బేరం.