అద్దాల అంగడికి వెళ్లే ముందు

గత నెలలో ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి మా యొద్దకు వచ్చి నిలబడినది. "అయ్యగారూ, ఈ నెలాఖరుకు పని మానుకుంటానయ్యా. పొద్దు వాలేసరికి మెడ పట్టేస్తాది. కండ్లల్లో ఇసుక పోసినట్టుంటాది. అక్షరాలు చీమల మాదిరి పాకుతాయి" అన్నది.

ఆమెకు నలభై ఆరేండ్లు. ఆళ్లగడ్డలో ఒక ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరు. భర్తకు రెండెకరాల నల్లరేగడి ఉన్నది గాని, రెండేండ్లుగా పత్తి చేతికి రాలేదు. పిల్లలిద్దరు నంద్యాలలో హాస్టలులో ఉండి చదువుతున్నారు. ఆమె జీతము ఆగితే ఏమౌతుందో మాకు తెలుసు.

కండ్లు పరీక్ష చేయించుకొమ్మని చెప్పబోయినాము. అంతలోనే సంచిలోనుండి అద్దాలు తీసి చూపించినది. "పరీక్ష చేయించుకొనే కొన్నానయ్యా. పుస్తకం బాగానే కనిపిస్తాది, ఆ స్క్రీనే కనిపించదు" అన్నది. ఆ మాట వినగానే మాకు మా సంగతి గుర్తుకు వచ్చినది.

రెండేండ్ల క్రితము మేము కూడ బైఫోకల్ అద్దాలు వేయించుకొని, సంఘపు పాత బాప్తిస్మ రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించే పనికి కూర్చున్నాము. పైగాజు దూరానికి, కిందిగాజు చదువుకు. స్క్రీను మాత్రము రెంటికీ మధ్య ఉన్నది. కిందిగాజులోనుండి చూడవలెనని గడ్డము పైకెత్తి, నీళ్లు తాగే కోడి వలె రోజంతా కూర్చునేవారము. మా ఇంట్లో వారు చూసి నవ్వినారు. మూడు నెలలు మెడకు మందు రాసుకున్న తరువాత, వేరొక చోట పరీక్షించినాయన "స్క్రీనుకు ఎంత దూరములో కూర్చుంటారు?" అని అడిగినాడు. మాకు తెలియదు. అంతకు ముందు మమ్మును ఎవరూ అడుగలేదు, మేమూ చెప్పలేదు.

సంగతి ఏమనగా, నలభై దాటిన తరువాత కంటిలోని కటకము బిగుసుకుపోయి, దగ్గరి వస్తువుకు తగినట్లు తన ఆకారము మార్చుకొనలేదు. ఇదే చత్వారము. ఆ మాటలోనే నలభై ఉన్నది. సంస్కృతములో చత్వారింశత్ అంటే నలభై. చదువు అద్దాలను సాధారణముగా పదహారు అంగుళాల దూరానికి, అనగా మూరెడు కంటె కొంచెము తక్కువకు పరీక్షించి ఇస్తారు. పరిశుద్ధ గ్రంథము ఒళ్లో పెట్టుకొని చదువుటకు అది సరిపోతుంది. కంప్యూటరు స్క్రీను మూరన్నర దూరములో ఉంటుంది. ఆళ్లగడ్డ శిల్పిని చూడండి. విగ్రహపు కన్ను చెక్కునప్పుడు ముఖము దగ్గరకు చేరుస్తాడు, తరువాత వెనుకకు జరిగి చూస్తాడు. ఒకే పనిలో రెండు దూరాలు.

ఆ సహోదరి అద్దాల పవరు ప్లస్ 1.75. దూరపు చూపులో లోపము లేదు. దూరానికి అద్దాలు అక్కరలేని వారు ఈ లెక్క ఇంట్లోనే చేసికొనవచ్చును. 100ను మీ చదువు అద్దాల పవరుతో భాగించండి. ఆ అద్దాలతో స్పష్టముగా కనిపించే చివరి దూరము సెంటీమీటర్లలో వస్తుంది. ఆమెకు 57 వచ్చినది. మరుసటి దినము ఆమె ఆఫీసులో కుర్చీకి వీపు ఆనించి కూర్చొని, కుట్టుటేపుతో కంటినుండి స్క్రీనుకు కొలిపించుకున్నది. 65 సెంటీమీటర్లు! ఆ ఎనిమిది సెంటీమీటర్ల కొరకు దినమంతా ముందుకు వంగుతున్నది. అద్దాలలో తప్పు లేదు. అవి పుస్తకానికి ఇచ్చినవి.

ఆ కొలత కాగితము మీద వ్రాసికొని నంద్యాలకు వెళ్లినది. అక్కడ అదే దూరములో అక్షరాల అట్ట పట్టించి, గాజులు మార్చి మార్చి చూసి, ప్లస్ 1.00 తేల్చినారు. గాజంతా ఒకే పవరు. అన్నిటికంటె చవకైన రకమే. స్క్రీను, దూరము, పుస్తకము మూడూ ఒకే అద్దములో కావలెనంటే ప్రోగ్రెసివ్ గాజులున్నవి గాని, వాటిలో స్క్రీనుకు పనికివచ్చే భాగము సన్నము. రోజుకు ఏడెనిమిది గంటలు స్క్రీను ముందుండే వారికి వేరే జత మేలని మా అభిప్రాయము.

అంగడిలో "బ్లూ కట్ వేయమంటారా?" అని అడుగుతారు. మేమూ ఒకసారి డబ్బు ఎక్కువిచ్చి వేయించుకున్నవారమే. వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 2023లో 17 పరిశోధనలను కలిపి చూసినది. మామూలు గాజులతో పోల్చినప్పుడు వీటివలన కంటి అలసట తగ్గినట్లు కనబడలేదు. ఆ డబ్బు ముక్కుమీదనుండి జారని తేలికైన ఫ్రేముకు పెట్టండి. నంద్యాల ఎండాకాలపు చెమటలో జారే ఫ్రేము ఎంత మంచి గాజునైనా పాడుచేస్తుంది. ట్యూబులైటు గాజులో మెరుస్తుంటే ప్రతిబింబము తగ్గించే పూత కొంత ఉపకరిస్తుంది. అంతకంటె ముందు, కిటికీ వెలుగు స్క్రీను మీద పడకుండ బల్లను తిప్పుకొనుట ఖర్చులేని పని.

ఇసుక పోసినట్లుండుటకు మాత్రము అద్దాలు కారణము కాదు. స్క్రీను చూచునప్పుడు మనము రెప్ప కొట్టుట బాగా తగ్గిపోతుంది. దానికి తోడు ఆమె ముఖానికి ఎదురుగా టేబులు ఫ్యాను తిరుగుతున్నది. దానిని పక్కకు తిప్పించినాము.

చక్కెర జబ్బున్నవారు ఒకటి గమనించవలెను. రక్తములో చక్కెర ఎక్కువైనప్పుడు కంటి పవరు మారిపోతుంది. అది అదుపులోనికి వచ్చిన తరువాతనే అద్దాలు కొనండి. లేనియెడల డబ్బు దండుగ.

2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పటినుండి మన పల్లెల ఆడపిల్లలు ఎందరో కంప్యూటరు పనిలో ఉన్నారు. ఆ వయసులో వేరే కంప్యూటరు అద్దాలు అక్కరలేదు. ఉన్న లోపానికి సరియైన అద్దాలు పెట్టుకుంటే చాలును. గాని పెండ్లి చూపులు దాటేవరకు అద్దాలు వద్దని దాచిపెట్టించే తల్లులు మన సంఘాలలోనే ఉన్నారు. అమ్మా, ఆ పిల్ల తలనొప్పి మాత్రలతో ఎన్నాళ్లు నెట్టుకొస్తుంది?

ఆ సహోదరి పని మానలేదు. కొత్త జతను ఆఫీసు సొరుగులోనే ఉంచి రమ్మని చెప్పినాము. ప్లస్ 1.00తో మీటరు దాటితే మసక. మొదటి వారము మరచిపోయి వాటితోనే స్కూటీ ఎక్కి, గేటు దగ్గరే ఆగి, నవ్వుకుంటూ వెనక్కి వెళ్లి పెట్టి వచ్చినదట.