ఆరోగ్య విషయములు: రాత్రివేళ వచ్చు వెన్నునొప్పి

బాలుడు బల్లమీద ఒక ప్రక్కకు ఒరిగి కూర్చున్నయెడల ఉపాధ్యాయుడు గద్దించును. బరువు మోసి నడుము పట్టినదని యెంచి తల్లి నూనె కాచి మర్దన చేయును. పెక్కుసారులు నొప్పి అంతటితో పోవును. వారములు గడచినను పోక, రాత్రులయందు నిద్ర లేపునట్టి నొప్పి వేరు. దానికి అరుదుగా నొక చిన్న కంతి కారణమగును.

ఆ కంతికి ఆస్టియాయిడ్ ఆస్టియోమా యని పేరు. న్యూయార్కు వైద్యుడు హెన్రీ జాఫీ 1935వ సంవత్సరమున దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. ఇది క్యాన్సరు కాదు, ఇతర అవయవములకు ప్రాకదు. దీని నడిమి భాగము సాధారణముగా ఒకటిన్నర సెంటీమీటరునకు మించదు. తొడయెముకలోను, కాలియెముకలోను తరచుగా పుట్టును. నూటికి సుమారు పదిమందిలో వెన్నెముకయందు పుట్టును. పది మొదలు ఇరువదియైదు ఏండ్లలోపు వారికి, అందును మగపిల్లలకు, ఎక్కువగా వచ్చును.

ఈ కంతి ప్రోస్టాగ్లాండిన్ అను నొప్పి పుట్టించు పదార్థమును విస్తారముగా తయారుచేయును. ఆస్పిరిన్ వంటి మందులు దానిని అడ్డగించును గనుక నొప్పి త్వరగా చల్లారును. తగ్గినదిగదా యని సంతసించి యూరకుండరాదు. అట్లు తగ్గుటయే యీ కంతికి గురుతు. పైగా వైద్యుని యడుగక పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యనే కూడదు. జ్వరముతోనున్న బిడ్డలలో అది అరుదుగా మెదడునకును కాలేయమునకును ప్రాణాపాయకరమైన హాని చేయును.

నొప్పివలన వెన్నుకండరములు బిగిసి, వెన్నెముక ప్రక్కకు వంగును. వంగిన పిల్లవానిని సోమరియనుట అన్యాయము. నొప్పి మొదలైన పదునైదు నెలలలోపల కంతిని తీసివేసినచో వంకర చాలవరకు తానే సరియగుననియు, అంతకు మించి ఆలస్యమైనచో నిలిచిపోవచ్చుననియు 1986లో వెలువడిన వైద్య పరిశీలన తెలుపుచున్నది.

వెన్నెముకయందలి యెముకలు ఒకదానిపై నొకటి కప్పుకొనియుండుటచేత సాధారణ ఎక్స్‌రేలో ఈ కంతి తప్పిపోవచ్చును, సి.టి. స్కానులో తేటగా కనబడును. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట కూడ నున్నచో క్షయవ్యాధిని మొదట పరీక్షింపవలెను.

కొందరికి మందులతోనే కొన్ని యేండ్లకు కంతి శమించును. వంకర యేర్పడిన పిల్లలను అన్నాళ్లు ఆపుట మంచిది కాదు. పూర్వము ఎముకను కోసి తీయుటయే మార్గముగా నుండెను. 1992లో బోస్టను వైద్యులు వేరొక పద్ధతిని ప్రకటించిరి. స్కానులో చూచుచు సన్నని సూదిని కంతిలోనికి పంపి, దాని కొనను సుమారు 90 డిగ్రీలకు కొన్ని నిమిషములు వేడిచేయుదురు. పెద్ద కోత యుండదు. కంతి వెన్నుపామునకు మిక్కిలి సమీపమున నున్నచో ఆ వేడి నరములకు తగులు భయము కలదు గనుక అట్టివారిలో కొందరికి శస్త్రచికిత్స చేయుదురు.

తల్లిదండ్రులు వైద్యునియొద్దకు పోవునప్పుడు నొప్పి యే మాసమున మొదలైనదో, ఏ జామున లేపుచున్నదో, ఏ మందు వేయగా ఎంతసేపటికి తగ్గినదో చెప్పవలెను. చొక్కా విప్పించి వీపు చూపుటయు మరువరాదు.